కమ్మి, కరవు, స్కార్సిటీ: వెంకటగిరికోట సీమలో కొరతకు పెట్టిన పేర్లు

1876లో వర్షాలు తప్పినప్పుడు వెంకటగిరికోట ఉత్తర ఆర్కాటు జిల్లా పలమనేరు తాలూకాలో ఉండేది. మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు అదే పేరుగల జమీందారీలో, కుప్పం కంగుంది జమీందారీలో ఉండేవి. పడమటి పొలిమేర దాటితే మైసూరు రాజ్యం. ఇవన్నీ చిత్తూరు జిల్లాగా ఒక్కచోటికి చేరడానికి 1911 దాకా ఆగవలసి వచ్చింది. పాలనాపరంగా ఇన్ని ముక్కలుగా ఉన్న సీమకు ఆకలి మాత్రం ఒకటే. ధాత సంవత్సరంలో మొదలై ఈశ్వరలో ముదిరిన ఆ ఉపద్రవానికి జనం పెట్టుకున్న పేరూ ఒకటే: ధాత కరవు. సర్కారు కాగితాల్లో మాత్రం అది ఒక్క మాటగా లేదు. ఆంగ్ల పాలన కొరతను మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క మాటను కేటాయించింది. ఆ మాటలు తెలుగులోకి వచ్చిన తీరు, రాలేకపోయిన తీరు ఈ వ్యాసానికి విషయం.

ఆంగ్లంలో కొరతను తెలిపే మాటల వ్యుత్పత్తులు వేరువేరు దిక్కులు చూస్తాయి. ఫామిన్ అనే మాటకు మూలం ఆకలి అని అర్థమిచ్చే లాటిన్ పదం. డ్రాట్ అంటే మొదట ఎండిపోవడం. డెర్త్ అనేది డియర్ నుండి పుట్టింది. సరుకు ప్రియం కావడమే కొరత అని ఆ మాట అంటుంది. ఇష్టాన్నీ అధిక ధరనూ ఒకే మాటతో చెప్పడం తెలుగు ‘ప్రియం’లోనూ ఉండటం గమనింపదగింది. వాంట్ మొదట లేమిని చెప్పి, క్రమంగా కోరికను చెప్పసాగింది. స్కార్సిటీ వీటన్నింటికంటే చల్లని మాట. అందులో ఆకలి లేదు, ఎండా లేదు. పరిమాణం మాత్రమే ఉంది.

తెలుగులో ఈ విభజన మరో రకంగా ఉంది. సంస్కృతం నుండి వచ్చిన అనావృష్టి వాన లేకపోవడాన్ని చెబుతుంది. దుర్భిక్షం భిక్ష దొరకని కాలం. అంటే పెట్టే చేయి కూడా ఖాళీ అయిన స్థితి. క్షామం శుష్కించడాన్ని సూచిస్తుంది. దేశ్యాల్లో వఱపు ఎండకు సంబంధించినది. కఱవు మాత్రం వాన పోవడం, పంట పోవడం, తిండి పోవడం అనే మూడింటినీ కలిపి మోస్తుంది. అది తిండి దగ్గరే ఆగదు. నిద్ర కరవవుతుంది, మాట కరవవుతుంది. లేమి అనే మాటదీ ఇదే దారి. వ్యాకరణంలో అది లేకపోవడం మాత్రమే. కలిమికి జంటగా నిలిచేసరికి పేదరికమైంది. ఆంగ్లంలో ఆబ్సెన్స్ ఎన్నడూ పేదరికం కాలేదు. ఆ పని వాంట్ చేసింది.

మరొక భేదం క్రియలో ఉంది. చాలు, చాలదు అనే జంటలో వ్యతిరేకార్థం క్రియారూపంలోనే ఇమిడి ఉంది. కన్నడంలో సాకు, సాలదు. తమిళంలో పోదుం, పోదాదు. మూడు భాషలు కలిసే ఈ సరిహద్దులో చాలకపోవడం ఒక క్రియ. ఆంగ్లం దీనికి నిషేధార్థక పదాన్నీ పరిమాణవాచకాన్నీ జోడించుకోవాలి. ఈ తేడా వ్యాకరణానికే పరిమితమని తోచవచ్చు. 1877 నాటి వివాదం మాత్రం సరిగ్గా ఈ చాలు, చాలదు అన్న మాటల మీదనే నడిచింది.

ఆ ఏడాది ఆరంభంలో వైస్రాయి లిట్టన్ ప్రతినిధిగా మద్రాసు వచ్చిన రిచర్డ్ టెంపుల్, సహాయక పనుల్లో పురుషుడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. ప్రాణం నిలవడానికి అది చాలునన్నది అతని వాదం. చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ వాదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. కొద్ది నెలల్లోనే కూలి పెంచక తప్పలేదు. పొలిమేర అవతలి మైసూరు రాజ్యంలో 1871 జనగణన నాటికి సుమారు 50 లక్షల జనం ఉండగా, 1881 నాటికి 42 లక్షలే మిగిలారు. ఒక క్రియ తాలూకు అర్థనిర్ణయం ఎంత బరువైనదో ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.

కరవు దాటాక రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కమిషన్ కూర్చుంది. 1880లో ముసాయిదాగా వచ్చి 1883లో ఖరారైన ఫామిన్ కోడ్ కొరతను మూడు మెట్లు చేసింది: స్కార్సిటీకి చేరువ, స్కార్సిటీ, ఫామిన్. మెట్టును బట్టి సహాయం. మెట్టు తేల్చడానికి టెస్ట్ వర్కులు తెరిచేవారు. కష్టమైన పనికి తక్కువ కూలి ఇచ్చి, దానికి కూడా జనం గుంపులుగా వస్తే అప్పుడు ఆకలి నిజమని ఒప్పుకొనేవారు. కరవు వచ్చిందని ఊరు చెబితే సరిపోదు, ఆకలి తన్ను తాను రుజువు చేసుకోవాలి. తెలుగులో ‘కరవు’ అన్న మాట ఉచ్చరించగానే పూర్తయ్యే వాంగ్మూలం ఆంగ్లంలో దరఖాస్తుగా మారింది. స్కార్సిటీకి జనవ్యవహారంలో సమానార్థకం స్థిరపడకపోవడానికి కారణం పదదారిద్ర్యం కాదు. ఆకలిని తీసివేసి కొరతను మాత్రమే మిగిల్చే మాట రైతుకు అవసరపడలేదు.

అయితే కరణం లెక్కలు వేరే కథ చెబుతాయి. మద్రాసు రెవెన్యూ వ్యవహారంలో తీర్వ అంటే భూమి శిస్తు. అది పెరిగితే తీర్వజాస్తి, తగ్గితే తీర్వకమ్మి. నీరందక ఎండిన పైరు సావి. అంటే కొరతను కొలిచే పని ఆంగ్లంతో మొదలుకాలేదు. పార్శీ మూలాల జాస్తి, కమ్మి దాన్ని అంతకుముందే చేస్తున్నాయి. కచేరీల్లోని ఇలాంటి మిశ్రపదజాలాన్ని సి. పి. బ్రౌన్ అప్పటికే ప్రత్యేకంగా గుర్తించాడు. 1852 నాటి జిల్లా నిఘంటువు, 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు ఆ గుర్తింపు ఫలితాలే. కానీ కమ్మి శిస్తుకే పరిమితమైంది, మనిషి ఆకలిని కొలవలేదు. స్కార్సిటీ చేసిన కొత్త పని అది.

స్వాతంత్ర్యం తరువాత పాలనాభాషలో ఫామిన్ క్రమంగా మరుగున పడి డ్రాట్ ముందుకు వచ్చింది. ఇక్కడ తెలుగులో జరిగిన మార్పు సూక్ష్మమైనది. ఆంగ్లంలో మాట మారింది; తెలుగులో పాత కరవే కొత్త అర్థానికీ సర్దుకుంది. 2016 నాటి కేంద్ర కరవు నిర్వహణ మాన్యువల్ వర్షపాతం, పైరు, నేల తేమ, జలవనరుల సూచికలతో తీవ్రతను నిర్ణయిస్తుంది. ఆ లెక్కన ప్రకటించే ‘కరవు మండలం’లోని కరవుకు అర్థం డ్రాట్ మాత్రమే. వఱపు అనే మాట దీనికి సరిగ్గా అమరేది. దాన్ని ఎవరూ పిలవలేదు. ఫలితంగా, ఆకలినీ మోసిన మాట ఇప్పుడు వానలెక్కను మోస్తోంది. వాతావరణ శాఖ కొలతలో సాధారణం కంటే 20 నుండి 59 శాతం తక్కువైతే లోటు, 60 నుండి 99 శాతం దాకా భారీ లోటు, నూరు శాతం తగ్గితే వాన లేదు. లేదు అన్నది ఇక్కడ చాలదు అన్నదాని చివరి అంకె.

వెంకటగిరికోట వైపు మాటలో ‘ఈ తూరి వాన కమ్మి’ అనడం, ‘ఈ తూరి కరువు’ అనడం ఇప్పటికీ ఒకటి కావు. మొదటిది కొలత. రెండోదానిలో మేత లేని పశువులు, బెంగళూరుకు కూలికి పోయే బస్సు, మూతపడిన ఇల్లు ఉంటాయి.