కిన్నెర మెట్లు, పక్షి గొంతులు

భారతీయ సంగీతం పుట్టుకను గురించి వ్రాసేవారు సామగానంతో ఆరంభించడం పరిపాటి. అయితే మన ప్రాచీన సంగీత గ్రంథాలు మరొక గురుపరంపరను కూడా పేర్కొన్నాయి. అది పక్షులది, జంతువులది. నారదీయ శిక్ష ప్రకారం షడ్జాన్ని నెమలి, మధ్యమాన్ని క్రౌంచం, పంచమాన్ని వసంతకాలంలో కోకిల పలుకుతాయి. గాంధారం మేకది, నిషాదం ఏనుగుది. ఋషభాన్ని నారదుడు ఆవుకు ఇవ్వగా, తరువాతి శాస్త్రకారులు చాతకానికి ఇచ్చారు. ధైవతం ఒక గ్రంథంలో గుర్రపు సకిలింపు, మరొక గ్రంథంలో వానాకాలపు కప్ప బెకబెక.

ఈ పట్టికను అక్షరసత్యమని సమర్థించిన పండితులున్నారు, కేవలం కవిసమయమని తోసిపుచ్చినవారూ ఉన్నారు. రెండూ తొందరపాటు తీర్పులే. కోకిల కూతను శ్రద్ధగా విన్నవారికి ఒక సంగతి తెలుసు. ఆ కూత ఒకే స్థాయిలో నిలవదు. ఒక్కొక్క పర్యాయానికీ పైకి ఎక్కుతూ పోయి, చటుక్కున ఆగి, మళ్ళీ కింది నుంచి మొదలవుతుంది. దానిలో పంచమాన్ని కొలిచి చూపడం సాధ్యమయ్యే పని కాదు. కానీ శిక్ష అనేది శిష్యునికి ఉచ్చారణను, స్వరాన్ని నేర్పడానికి ఏర్పడిన శాస్త్రం. శ్రుతిపెట్టె లేని కాలంలో విన్నదాన్ని మనసులో నిలుపుకోవడానికి ఊరి పొలిమేరలో వినబడే గొంతులను గుర్తులుగా పెట్టుకున్నారు. చదువుకున్న చెవి చదువులేని గొంతుకు ఋణపడి ఉన్నదని శాస్త్రమే ఒప్పుకున్న అరుదైన సందర్భమిది.

చరిత్ర విద్యార్థిగా ఉన్ననాటి నుంచి ఈ వ్యాసకర్తకు మూడు వ్యసనాలు. కచేరీలకు ఎక్కని వాద్యాలు, జాతరలలో రాత్రంతా సాగే కథాగానాలు, తెల్లవారుజామున వినవచ్చే పిట్టల గొంతులు. కార్యాలయపు దస్త్రాల నడుమ ఈ మూడింటికీ పొంతన ఏమిటని మిత్రులు ఆక్షేపిస్తుంటారు. మూడూ కలిసే చోటు ఒకటి తెలుగునేల మీదనే ఉంది. అది కిన్నెర.

పేరులోనే పక్షి ఉంది. అమరకోశం కిన్నరుణ్ణి గుర్రపు ముఖం గలవాడిగా పేర్కొన్నది గాని, బౌద్ధ శిల్పులకూ చిత్రకారులకూ అతడు సగం మనిషి, సగం పక్షి. అజంతా 1వ గుహలో పద్మపాణి చుట్టూ ఉన్న చిత్రసమూహంలో పక్షి శరీరం గల కిన్నరులను నేటికీ చూడవచ్చు. ఆ గాయకజాతి పేరే తీగవాద్యానికి వచ్చింది. గోదావరిలో కలిసే ఏటికి కిన్నెరసాని అని పేరుపెట్టిన తెలుగువారికి ఈ మాటలోని నాదం వేరుగా చెప్పనక్కరలేదు.

13వ శతాబ్దంలో కిన్నెరకు రెండు సాక్ష్యాలు కనిపిస్తాయి. ఒకటి దేవగిరి యాదవుల ఆస్థానానిది. శార్‌ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో కిన్నరీవీణను లఘ్వి, బృహతి అనే భేదాలతో వర్ణించాడు. సొరబుర్రలు, దండి, దాని మీద మైనపు ముద్దలో నిలిపిన మెట్లు. లఘుకిన్నరికి మెట్లు పద్నాలుగు. ఆ మెట్లు రాబందు ఎముకతో చేయాలన్నాడు. పక్షి గొంతు నుంచి స్వరాన్ని తీసుకున్న శాస్త్రం, పక్షి ఎముక మీద దానిని నిలిపింది. రెండవ సాక్ష్యం తెలుగు కవిది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుని కథ ఉంది. వాద్యమే పేరుకు ముందు చేరిన మనిషి ఆయన. సోమనాథుడే పండితారాధ్య చరిత్రలో వీణాభేదాలనూ ఏకరువు పెట్టాడు, తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, ప్రభాత పదాలు అంటూ జనం పాటల పేర్లనూ నమోదు చేశాడు. మార్గానికి, దేశికి మధ్య గోడ కట్టని ఆ చూపు తరువాతి శతాబ్దాలలో మన సాహిత్య చరిత్రకారులకు అంతగా అబ్బలేదని నా అభిప్రాయం.

ఆపైన కిన్నెర ఆస్థానాల నుంచి క్రమంగా తప్పుకున్నది. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో ఇరవైనాలుగు మెట్ల వీణ స్థిరపడిందని చెబుతారు. కచేరీ వేదిక ఆ వీణకు దక్కింది. కిన్నెర మాత్రం ఊరి చివరకు చేరి, అక్కడ బ్రతికింది. దానిని బ్రతికించినవారు డక్కలివారు. మాదిగలకు ఆశ్రితులై, వారికి జాంబపురాణం వినిపించి, వారిచ్చే సంభావనతో జీవించే కులం వారిది. అస్పృశ్యతలోనూ అట్టడుగు మెట్టు మీద నిలబెట్టబడినవారి చేతిలో శాస్త్రగ్రంథాల వాద్యం ఎన్నో తరాలు నిలిచి ఉండడం మన సాంస్కృతిక చరిత్రలో చిన్న విషయం కాదు.

తెలంగాణలోని కిన్నెరను చూస్తే శార్‌ఙ్గదేవుని వర్ణన గుర్తుకు రాక మానదు. వెదురు దండి, ఎండిన సొరబుర్రలు, తేనెమైనంతో అతికిన మెట్లు. పాలమూరు ప్రాంతంలో వినిపించేది పన్నెండు మెట్ల కిన్నెర. దాని మీద పలికే కథలు దేవతలవి మాత్రమే కావు. ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన పండుగ సాయన్న కథ అధికారుల నివేదికలలో కాక ఈ తీగల మీదనే సంపూర్ణంగా దొరుకుతుంది. ప్రభుత్వ పత్రాలు బందిపోటు అన్న మనిషిని పాట వీరుడన్నది. చరిత్రకారుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవవలసి ఉంటుంది.

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య ఈ వాద్యాన్ని దేశానికి పరిచయం చేశారు. 2021లో ఒక సినిమా పాట ద్వారా ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. 2022లో పద్మశ్రీ లభించింది. ఇవి సంతోషించదగినవే. అయితే మన పాలనావ్యవస్థకు కళాకారుణ్ణి గుర్తించడం తెలిసినంతగా కళను గుర్తించడం తెలియదు. దస్త్రంలో పేరు, వయస్సు, పింఛను మొత్తం ఉంటాయి. వాద్యం ఎలా తయారవుతుందో, ఏ మెట్టు ఎక్కడ ఎందుకు నిలుస్తుందో వ్రాసుకునే గడి ఉండదు. అవ్యక్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణకు యునెస్కో 2003లో చేసిన ఒడంబడికను భారతదేశం 2005లో ఆమోదించింది. సంప్రదాయ శిల్పనైపుణ్యం కూడా దాని పరిధిలోనిదే. జిల్లా స్థాయి దరఖాస్తులోకి ఆ స్ఫూర్తి ఇంకా దిగవలసి ఉంది.

ధ్వనిముద్రణ ఉండగా భయమేమిటని అడిగేవారున్నారు. 1889లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎనిమిదేళ్ళ లుడ్విగ్ కోచ్ తన ఇంటి పంజరంలోని పిట్ట పాటను ఎడిసన్ యంత్రపు మైనపు గొట్టం మీద ముద్రించాడు. మనకు తెలిసినంతలో పక్షిపాటకు అదే మొట్టమొదటి ధ్వనిముద్రణ. ఆ పిట్ట షామా, మన అడవుల పాటగత్తె, తెలుగువారి నల్లంచికి దగ్గరి చుట్టం. కలకత్తాలో 1902లో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడడానికి 13 ఏళ్ళ ముందే భారతదేశపు పక్షి ఒకటి ఐరోపాలో పాటను భద్రపరచుకున్నది. ఆ ముద్రణ ఈనాటికీ వినబడుతుంది. కాని షామా పాటలోని వైవిధ్యమంతా అడవిలోనే ఉంది. ఇతర పక్షుల గొంతులను అనుకరించి తన పాటలో కలుపుకునే పక్షి అది. చుట్టూ వినడానికి ఏమీ లేని పంజరంలో దాని పాట ఎంతవరకు పెరుగుతుంది?

కిన్నెరకూ అదే వర్తిస్తుంది. శార్‌ఙ్గదేవుడు చెప్పిన రాబందు 1990ల నాటికే మన ఆకాశం నుంచి వేగంగా కనుమరుగైంది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు దానికి విషమని తేలి, 2006లో నిషేధం వచ్చింది. వెనుకటి కిన్నెరలకు వాడిన అలుగు పొలుసులను ముట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అది ఉచితమైన చట్టమే. నేటి మెట్లకు లోహం వచ్చింది. పదార్థం మారినా వాద్యం నిలిచింది. ఎందుకంటే నైపుణ్యం పదార్థంలో కంటే మైనంలో ఉంది. బొబ్బిలిలో వీణకు మేళం కట్టే శిల్పి కూడా మైనం మెత్తగా ఉండగానే మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, తీగ మీటి, విని, స్వరం కుదిరాక వదిలివేస్తాడు. కిన్నెర చేసేవాడు చేసేదీ అదే పని. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది, నేర్చుకునే చోటు ఉంది. కిన్నెరకు మైనం ఎంత వేడిలో ఉండగా మెట్టు జరపాలో తండ్రి పక్కన కూర్చున్న కొడుకే చూసి తెలుసుకోవాలి.