డేవిస్ కప్పు నుండి పిల్లల కోర్టునకు

రాత్రి వార్తల చివర క్రీడావిశేషములు చదువునపుడు మేము గెలిచినవాని పేరును, ఓడినవాని పేరును, సెట్ల లెక్కను చెప్పి ముగింతుము. అరనిమిషములో అంతకు మించి చెప్పుటకు వీలుండదు. ఆ గెలిచినవానికి బంతి కొట్టుట నేర్పినదెవరన్న ప్రశ్నకు అందులో తావు లేదు. ఒక ఊరి టెన్నిస్ శిక్షణ కేంద్రమునకు క్రొత్త శిక్షకుడు వచ్చుట అసలు వార్తయే కాదు. తల్లిదండ్రులు మాత్రము ఆ సాయంకాలము కోర్టు ప్రక్కన నిలిచి, ఈయన మన పిల్లవానిని ఏ దారిని పెట్టునో యని చూతురు. అట్టి రాక యొకటి టెన్నిస్ చరిత్రలో గుర్తుంచుకొనదగినది కలదు. ఆ శిక్షకుడు ఆస్ట్రేలియా దేశీయుడు హారీ హాప్‌మన్. ఆ కేంద్రము న్యూయార్కు నగరము చెంత లాంగ్ ఐలెండునందలి పోర్ట్ వాషింగ్టన్ టెన్నిస్ అకాడమీ.

హాప్‌మన్ 1906లో సిడ్నీలో జన్మించెను. తండ్రి బడిపంతులు. ఆటగాడుగా ఆయన తక్కువవాడు కాడు గాని, అగ్రశ్రేణి చివరి మెట్టు ఆయనకు అందలేదు. 1930, 1931, 1932 సంవత్సరములలో వరుసగా మూడుసార్లు ఆస్ట్రేలియా సింగిల్స్ ఫైనలునకు చేరి, మూడుసార్లును ఓడిపోయెను. డబుల్స్‌లోను, భార్య నెల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లోను బిరుదులు గడించెను. బ్రతుకుతెరువునకు మెల్బోర్న్ హెరాల్డ్ పత్రికలో క్రీడారచయితగా పని చేసెను. తాను గెలువలేకపోయిన ఫైనలులు, ఇతరుల ఆటను పరికించి వ్రాయు వృత్తి, ఈ రెండును కలిసి ఆయనను మంచి గురువును చేసినవని మాకు తోచును.

1939 సెప్టెంబరులో ఆయన నాయకత్వమున ఆస్ట్రేలియా జట్టు ఫిలడెల్ఫియా చెంత డేవిస్ కప్పు ఛాలెంజ్ రౌండు ఆడెను. ఆట జరుగుచుండగనే యుద్ధప్రకటన వచ్చినది. మొదటి రెండు ఆటలును అమెరికాకే పోయినవి. అయినను క్విస్ట్, బ్రామ్‌విచ్ అను ఇరువురు మిగిలిన మూడింటిని గెలిచి కప్పును స్వదేశమునకు దక్కించిరి. యుద్ధానంతరము 1950లో హాప్‌మన్ మరల నాయకుడయ్యెను. 1969 వరకు ఆ పదవిలో నుండెను. మొత్తము 16 పర్యాయములు ఆయన జట్టు కప్పు గెలిచినది. సెడ్జ్‌మన్, హోడ్, రోజ్‌వాల్, ఫ్రేజర్, లేవర్, ఎమర్సన్, న్యూకోంబ్, రోచ్ మొదలగు వారందరును ఆయన చేతి క్రింద నడచినవారే.

ఆయన పద్ధతి యేమి? దెబ్బల సొగసు కంటె ముందు దేహదార్ఢ్యము. పరుగు, వ్యాయామశాల, ఆపైన కోర్టు. ఆయన పేరుతో నిలిచిన అభ్యాసమొకటి కలదు: వల కావల ఇద్దరు నిలిచి, ఈవల ఒక్కనిని ఇటునటు పరుగెత్తించుచు బంతులు కొట్టుదురు. ఒక్కడు ఇద్దరికి జవాబు చెప్పుకొనవలెను. ఊపిరి అందనప్పుడు సయితము కాలు కదలవలెను. క్రమశిక్షణ యందు ఆయన కఠినుడు. నడవడి తప్పినవారికి జరిమానా వేయుచుండెను. ఆటగాండ్రు ఆయనను మిస్టర్ హాప్‌మన్ అనియే పిలుచుచుండిరి. అయినను వినోదము తెలియనివాడు కాడు. బక్కపలుచని రోజ్‌వాల్‌కు కండలవాడని పేరు పెట్టెను. మొదట చురుకు చాలని లేవర్‌ను, అతని ఊరి పేరు చేర్చి, రాక్‌హాంప్టన్ తారాజువ్వ యను అర్థము వచ్చునట్లు పిలిచెను. ఎగతాళికి పెట్టిన ఆ పేరు లేవర్ తరువాత నిజము చేసి చూపెను.

1953 డిసెంబరులో మెల్బోర్న్‌లోని కూయాంగ్ మైదానమున అమెరికా 2-1 ఆధిక్యములో నుండెను. 19 ఏండ్ల హోడ్, ట్రాబర్ట్‌తో ఆడుచుండెను. వానకు పచ్చిక తడిసి జారుచుండెను. మొదటి రెండు సెట్లు గెలిచి, తరువాతి రెండు ఓడి, అయిదవ సెట్టులో హోడ్ కాలు జారి నేలపై బోర్లపడెను. వేలకొలది జనము నిశ్శబ్దమైరి. హాప్‌మన్ ఓదార్పు పలుకలేదు. ఒక తువాలు వాని నెత్తిపై విసరి పరిహాసమాడెను. కుర్రవాడు నవ్వుచు లేచెను. ఆ సెట్టు 7-5తో అతనిదే. మరునాడు అదే వయసు గల రోజ్‌వాల్, సీక్సస్‌ను ఓడించుటతో కప్పు నిలిచినది. భయపడు పిల్లవానికి ఉపదేశము కంటె నవ్వు మేలని ఎరుగుట శిక్షకుని విద్యలో ఒక భాగము.

ఈ విజయముల వెనుక ఒక నష్టముండెను. వృత్తిక్రీడాకారులకు డేవిస్ కప్పులో ప్రవేశము లేని కాలమది. హాప్‌మన్ తీర్చిదిద్దిన వాడెల్ల పేరు రాగానే ధనమునకై వృత్తిలో చేరుచుండెను. 1952 చివర సెడ్జ్‌మన్, 1957 నాటికి రోజ్‌వాల్, హోడ్, 1962 తరువాత లేవర్ వెడలిపోయిరి. ప్రతి పర్యాయము ఆయన మరల పిన్నవారితో మొదలుపెట్టవలసి వచ్చెను. కుమ్మరి సారె వలె ఆయన పని ఆగలేదు.

ఆయన ఎదుట నిలిచిన జట్లలో రెంటిని ఇచట తలపవలెను. 1962లో బ్రిస్బేన్‌లో మెక్సికో జట్టు 5-0తో ఓడిపోయినది. ఆ జట్టులో ఒసూనాతో పాటు ఆంటోనియో పలాఫాక్స్ ఉండెను. మరుసటి ఏట ఈ ఇరువురును వింబుల్డన్ డబుల్స్ గెలిచిరి. రెండవది మన జట్టు. 1966 డిసెంబరులో మెల్బోర్న్‌లో భారతదేశము తొలిసారి ఛాలెంజ్ రౌండు ఆడి 4-1తో ఓడినది. ఆ ఒక్క గెలుపు రామనాథన్ కృష్ణన్, జయదీప్ ముఖర్జీల డబుల్స్ ఆట. వారు ఓడించినది 1965 వింబుల్డన్ డబుల్స్ విజేతలైన న్యూకోంబ్, రోచ్‌లను.

1968లో కప్పు అమెరికాకు పోయెను. 1969లో మెక్సికో చేతిలోనే ఆస్ట్రేలియా ఓడెను. నెల్ 1968లోనే కన్నుమూసియుండెను. అరువది దాటిన వయసులో హాప్‌మన్ దేశము విడిచి అమెరికాకు పోయెను. ఏ దేశము నుండి కప్పును పలుమార్లు గెలిచి తెచ్చెనో ఆ దేశమున, చిన్నపిల్లలకు బంతి కొట్టుట నేర్పు పనిలో చేరెను. ఇది మెట్టు దిగుటయని అనుకొన్నవారికి, ఆయన పని ఎప్పుడును పిల్లలతోనే యన్న సంగతి గుర్తులేదనవలెను. హోడ్, రోజ్‌వాల్‌లు ఆయన చేతికి వచ్చునప్పటికి బాలురే గదా.

పోర్ట్ వాషింగ్టన్ అకాడమీలో పలాఫాక్స్ కూడ శిక్షకుడుగా నుండెను. బ్రిస్బేన్‌లో ఓడినవాడును, ఓడించిన జట్టు నాయకుడును ఇచట ఒకే కప్పు క్రింద పనిచేసిరి. హాప్‌మన్ బుట్టెడు బంతులు చెంత నుంచుకొని, ఒకదాని వెంట నొకటి విసరుచు, అదే పరుగు, అదే ఇద్దరికొక్కడు అభ్యాసము పిల్లలచేత చేయించెను. ఆ పిల్లలలో వైటస్ గెరులైటిస్ ఒకడు. న్యూయార్కునందలి డగ్లస్టన్ నుండి వచ్చు జాన్ మాకెన్రో మరియొకడు.

మాకెన్రోకు కఠోరవ్యాయామముపై మక్కువ లేదు. దెబ్బలు దిద్దినవాడు ముఖ్యముగా పలాఫాక్స్. కోర్టుపై అతని కోపము లోకమెరిగినదే. మిస్టర్ హాప్‌మన్ క్రమశిక్షణ అతనికి అంటలేదనక తప్పదు. కావున అతని గెలుపులన్నియు హాప్‌మన్ ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు. గురువు చెప్పినదానిలో శిష్యుడు కొంత గైకొనును, కొంత విడిచిపెట్టును.

అయినను తరువాతి లెక్కలు చూడుడు. 1977 డిసెంబరులో గెరులైటిస్ ఆస్ట్రేలియా సింగిల్స్ బిరుదు గెలిచెను. ఆ మైదానము కూయాంగ్. హోడ్ జారిపడిన చోటే అది. 1978లో అమెరికా డేవిస్ కప్పును తిరిగి గెలిచినపుడు రెండు సింగిల్స్ ఆటలును గెలిచిన మాకెన్రో వయసు 19. 1979 అమెరికా ఓపెన్ ఫైనలులో వల కిరువైపుల నిలిచినవారు మాకెన్రో, గెరులైటిస్‌లే. మాకెన్రో 7-5, 6-3, 6-3తో గెలిచెను. ఆ ఏడు డిసెంబరులో ఈ ఇరువురును కలిసి అమెరికాకు మరల కప్పు గెలిచి యిచ్చిరి.

హాప్‌మన్ తరువాత ఫ్లారిడాకు తరలి తన స్వంత అకాడమీ నడిపెను. 1985 డిసెంబరులో అచటనే మరణించెను. ఆయన పేర హాప్‌మన్ కప్పు పోటీలు 1989లో పెర్త్ నగరమున మొదలైనవి. ఒక స్త్రీ, ఒక పురుషుడు జట్టుగా ఆడు పోటీ యది. నెల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినవానికి తగిన స్మారకమే.

మన ఊళ్లలోను నేడు శిక్షణ కేంద్రములు పెరుగుచున్నవి. క్రొత్త శిక్షకుడు వచ్చిన ఏటికే కప్పు రావలెనని అడుగుట కద్దు. పోర్ట్ వాషింగ్టన్‌లో వేసిన విత్తనము ఫలించుటకు ఏడెనిమిదేండ్లు పట్టినది. అదియును వచ్చిన వారందరిలో కొందరియందే. తక్కిన పిల్లలు పెద్దవారై వేరు పనులలో కుదురుకొని యుందురు. వారి పేర్లు మా అరనిమిషములో ఎన్నడును రావు. ఊపిరి అందనప్పుడు మరి రెండడుగులు పరుగెత్తుట వారును నేర్చియే యుందురు.