ఇంటి ఫైల్ సర్వరుకు ర్యామ్ ఎంత: ఒక లెక్క చరిత్ర

ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు, కాగితాల నకళ్ళు ఒకే చోట దాచి, ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెరుచుకునేలా చేసేది ఫైల్ సర్వర్. దానికి ర్యామ్ ఎంత కావాలన్న లెక్క లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టిననాటి నుంచీ మారుతూనే ఉంది.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ రాసిన కంప్యూటర్లో ఉన్నది 4 మెగాబైట్ల ర్యామ్. 2 మెగాబైట్లే ఉన్న ఒక జర్మన్ వాడుకరి కోసం, ర్యామ్ చాలనప్పుడు డిస్కును వాడుకునే ఏర్పాటును ఆ ఏడాది చివర్లో చేర్చాడు. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ విడుదల చేసిన సాంబా, లైనక్స్ యంత్రంలోని ఫైళ్ళను విండోస్ కంప్యూటర్లకు అందించే సాధనంగా ఎదిగింది.

ఫైళ్ళు అందించే పనికి ర్యామ్ కొద్దిగానే పడుతుంది. మిగిలినదాన్ని లైనక్స్ ఖాళీగా ఉంచదు. ఇటీవల చదివిన ఫైళ్ళను అందులో నిలవ ఉంచి, ప్రోగ్రాములు అడిగితే చోటు వదులుతుంది. అందుకే ఖాళీ ర్యామ్ తక్కువగా కనిపించి చాలామంది కంగారుపడేవారు. 2014లో వచ్చిన లైనక్స్ మూలభాగం, అంటే కెర్నెల్, 3.14 నిజంగా అందుబాటులో ఉన్న ర్యామ్‌ను విడిగా చూపసాగింది.

టెరాబైటు డిస్కుకు గిగాబైటు ర్యామ్ అన్న సూత్రం జెడ్‌ఎఫ్‌ఎస్‌తో వ్యాపించింది. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన ఈ ఫైల్ సిస్టమ్ పెద్ద సర్వర్ల కోసం రూపొందింది. ఒకే సమాచారాన్ని రెండుసార్లు రాయకుండా చూసే డీడూప్లికేషన్ అందులో 2009లో చేరింది. దాని పట్టికకు ఒక్కో బ్లాకుకు సుమారు 320 బైట్ల ర్యామ్ కావాలి. 128 కిలోబైట్ల బ్లాకులతో నిండిన టెరాబైటుకు ఆ పట్టికే రెండున్నర గిగాబైట్లవుతుంది. ఈ సదుపాయం వాడని ఇంటికి ఆ సూత్రంతో పనిలేదు. 2012లో 256 మెగాబైట్లతో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై కూడా ఇంటి ఫైళ్ళను పంచగలిగింది.

ఇక మన ఊళ్ళ లెక్కకు వస్తే, కోనసీమలో 2016 డిసెంబరులో మోరి గ్రామానికి ప్రభుత్వ ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్లు వచ్చాయి. ఇంటర్నెట్ వేగం పెరిగినా, ఇంట్లో నలుగురు వాడే సర్వరుకు పని మారదు. అదే కోనసీమలో రావులపాలెంలోని ఒక కుటుంబానికి మామూలు ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కుతో 2 గిగాబైట్లు చాలు, 4 ఉంటే సుఖం. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడితే 8 పెట్టుకోవాలి.

రాసిన సమాచారాన్ని లైనక్స్ ముందు ర్యామ్‌లో ఉంచి, కొన్ని సెకన్ల తర్వాత డిస్కుకు చేరుస్తుంది. ఈలోగా కరెంటు పోతే అది దక్కదు. తుపాన్లకు ఎదురుగా ఉండే కోనసీమలో అదనపు ర్యామ్‌కు పెట్టే డబ్బు యూపీఎస్‌కూ, మరో డిస్కులో ఉంచే నకలుకూ పెట్టడమే మేలు.