తెలంగాణ సాయుధ పోరాటం: సైన్యం వచ్చాక ఆయుధాలు వీడాలా? కమ్యూనిస్టులను చీల్చిన ప్రశ్న

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. సెప్టెంబరు 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లొంగుబాటును ప్రకటించారు. రజాకార్ల దౌర్జన్యాలతో విసిగిన ప్రజలు అనేక చోట్ల సైన్యానికి స్వాగతం పలికారు. అయితే, ఏడాది కాలంగా నిజాంపై ఆయుధాలతో పోరాడుతున్న కమ్యూనిస్టులకు ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. వచ్చినది ప్రజలను విడిపించే సేనా? భూస్వాములను తిరిగి గడీలకు చేర్చే సేనా?

పోరాట నేపథ్యం

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించారు. వెట్టిచాకిరీకి, బేదఖళ్లకు వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ సంఘాలు సాగిస్తున్న ఉద్యమం ఆ తరువాత ఉద్ధృతమైంది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం పోరాటం సుమారు 3,000 గ్రామాలకు విస్తరించింది. 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది. భూస్వాములు ఉంచుకోదగిన భూమికి తొలుత 500 ఎకరాల పరిమితి విధించగా, తరువాత దానిని 100 ఎకరాల మెట్టకు, 10 ఎకరాల మాగాణికి కుదించారు.

రెండు వాదాలు

సైనిక చర్యను స్వతంత్ర రాజ్యంపై దాడిగా పేర్కొంటూ నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిని ఆశ్రయించింది. భారత ప్రభుత్వం దానిని కేవలం పోలీసు చర్య అన్నది. కమ్యూనిస్టులలో మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు.

పోరాట విరమణను కోరిన వారిలో రావి నారాయణరెడ్డి ప్రముఖులు. నిజాం పతనంతో పోరాటానికి ఉన్న విస్తృత మద్దతు సడలిందని, కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశపు సైన్యాన్ని ప్రజలు శత్రువుగా చూడడం లేదని ఈ పక్షం వాదించింది. నిజాంపై యుద్ధం వేరు, నెహ్రూ ప్రభుత్వంపై యుద్ధం వేరు అన్నది వీరి వాదనలోని సారాంశం.

సుందరయ్య, మాకినేని బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు తదితర ఆంధ్ర నాయకులు దీనితో ఏకీభవించలేదు. సైన్యం వెంటే దేశ్‌ముఖులు గ్రామాలకు తిరిగివస్తున్నారని, ఆయుధాలు దించితే పేదలకు దక్కిన భూమి చేజారుతుందని వారు వాదించారు. క్షేత్రస్థాయి నాయకులలో దేవులపల్లి వెంకటేశ్వరరావు కూడా కొనసాగింపునే సమర్థించారు.

కొనసాగించాలన్న వారిలోనూ భేదాలు ఉన్నాయి. ఆంధ్ర నాయకత్వం చైనా తరహా దీర్ఘకాలిక రైతాంగ యుద్ధాన్ని ప్రతిపాదించగా, 1948లో పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన బి.టి. రణదివే ఆ మార్గాన్ని తీవ్రంగా విమర్శించారు.

అడవుల్లో మూడేళ్లు

మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక పాలనలో దళాలపై వేట ముమ్మరమైంది. మైదాన గ్రామాలలో నిలదొక్కుకోలేని దళాలు నల్లమల, గోదావరి అడవులకు తరలాయి. దళాలకు తిండి, సమాచారం అందకుండా చేసేందుకు కోయ గూడేలను ఖాళీ చేయించి గిరిజనులను శిబిరాలకు చేర్చారు. నాయకుల చర్చ తేలకముందే దాని మూల్యాన్ని గ్రామాలు, గూడేలు చెల్లించాయి. మొత్తం పోరాటంలో 4,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయారని సుందరయ్య పేర్కొన్నారు.

మరోవైపు ప్రభుత్వం 1949లో జాగీర్దారీ వ్యవస్థను రద్దు చేసింది. 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. పోరాటం వల్లనే ఈ సంస్కరణలు వచ్చాయని ఒక పక్షం చెప్పగా, సంస్కరణలు వచ్చాక పోరాటానికి ఆధారం తగ్గిందని మరో పక్షం భావించింది.

మాస్కో చర్చలు, విరమణ

1950లో రణదివే స్థానంలో రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. అయినా వివాదం సద్దుమణగలేదు. 1951 ఆరంభంలో రాజేశ్వరరావు, బసవపున్నయ్య, ఎస్.ఎ. డాంగే, అజయ్ ఘోష్ మాస్కో వెళ్లి స్టాలిన్‌తో చర్చించారు. చైనా విప్లవకారులకు సోవియట్ సరిహద్దు అండగా ఉన్నదని, భారత గెరిల్లాలకు అటువంటి వెన్నుదన్ను లేదని స్టాలిన్ అభిప్రాయపడ్డారు. 1951 అక్టోబరులో పార్టీ పోరాట విరమణను ప్రకటించింది.

తరువాతి ఎన్నికలలో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థిగా నల్గొండ నుంచి పోటీచేసిన రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పొంది లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ ఫలితాన్ని ఇరుపక్షాలూ తమ వాదనకు నిదర్శనంగా చెప్పుకోగలవు. ప్రజలు బ్యాలెట్‌ను ఎంచుకున్నారని ఒకరంటే, పోరాడినవారిని ప్రజలు మరువలేదని మరొకరు అంటారు.

ఈనాటికీ తెగని చర్చ

1964లో పార్టీ చీలిన తరువాత తెలంగాణ అనుభవాన్ని ఒక్కో పక్షం ఒక్కో విధంగా రాసుకున్నది. రావి నారాయణరెడ్డి, సుందరయ్య, దేవులపల్లి వెంకటేశ్వరరావుల రచనలలో ఒకే సంఘటనలకు భిన్నమైన తీర్పులు కనిపిస్తాయి.

సెప్టెంబరు 17ను విమోచన దినం అనాలా, విలీన దినం అనాలా, సమైక్యతా దినం అనాలా అనే వివాదం ఏటా తలెత్తుతూనే ఉన్నది. బయటి నుంచి వచ్చిన సైన్యాన్ని ఎదిరించాలా వద్దా అన్నది ఆనాడు కేవలం సిద్ధాంత గ్రంథాలలో తేలే విషయం కాలేదు. ఆ సైన్యాన్ని గ్రామస్థులు ఎలా చూశారు, దాని రాకతో భూమి ఎవరి చేతికి పోయింది అనే రెండు ప్రశ్నలకు ఒకే జవాబు లభించకపోవడమే ఆ విభేదానికి మూలం.