బాక్టీరియాలో పాలిఎస్టర్ రేణువుల నిర్మాణం: సూక్ష్మదర్శిని పరిశోధనల చరిత్ర

పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్ అనేది అనేక బాక్టీరియాలు తమ కణంలో గుండ్రని రేణువులుగా నిల్వ చేసుకునే పాలిఎస్టర్. నత్రజని, భాస్వరం వంటి పోషకాలు కొరవడి, చక్కెరల వంటి కర్బన పదార్థాలు మాత్రం సమృద్ధిగా దొరికినప్పుడు బాక్టీరియా మిగులు కర్బనాన్ని ఈ పాలిమర్‌గా మార్చి దాచుకుంటుంది. ఆహారం కరువైనప్పుడు దాన్ని మళ్ళీ విడగొట్టి వాడుకుంటుంది. నేలలోనూ నీటిలోనూ ఉండే ఇతర సూక్ష్మజీవులు సైతం దీన్ని అరిగించుకోగలవు కాబట్టి, ప్రకృతిలో కలిసిపోయే ప్లాస్టిక్‌గా దీనికి ప్రాముఖ్యం వచ్చింది.

కాంతిని బలంగా వంచే ఈ చుక్కలు తొలి పరిశోధకుల సూక్ష్మదర్శినులలోనే కనిపించాయి. కొవ్వును పట్టే సుడాన్ బ్లాక్ అనే రంగు వీటికీ అంటుతుంది కనుక ఇవి కొవ్వు బిందువులేనన్న అభిప్రాయం చాలాకాలం చెల్లింది. అయితే ఫ్రాన్స్‌లోని పాస్టర్ సంస్థకు చెందిన మారిస్ లెమోయిన్ 1920ల మధ్యకాలంలో బాసిల్లస్ మెగాటేరియం అనే బాక్టీరియాను పరిశోధించి, ఈ పదార్థం హైడ్రాక్సీబ్యుటిరిక్ ఆమ్లపు అణువులు ఒకదానికొకటి కలిసి ఏర్పడిన పొడవైన గొలుసు అని తేల్చాడు. ఇది ఆహారపు నిల్వ అన్న సంగతి స్థిరపడటానికి 1958లో మాక్రే, విల్కిన్సన్‌లు చేసిన ప్రయోగాలు ఎంతో తోడ్పడ్డాయి.

ఈ గొలుసును అల్లే ఎంజైము కణద్రవంలో విడిగా తిరుగాడక రేణువునే అంటిపెట్టుకొని ఉంటుందని 1961లో మెరిక్, డుడొరాఫ్‌లు చూపారు. తరువాతి చర్చలన్నిటికీ ఈ ఫలితమే పునాది. కుప్రియావిడస్ నెకేటర్ అనే బాక్టీరియాలో (దీనికే పూర్వం రాల్స్టోనియా యూట్రోఫా అని పేరు) ఈ పని మూడు అంచెలలో జరుగుతుంది. మొదటి ఎంజైము రెండు అసిటైల్ కోఎంజైమ్-ఏ అణువులను కలుపుతుంది, రెండవది ఆ ఫలితాన్ని క్షయకరణం చేస్తుంది, సింథేజ్ అనే మూడవ ఎంజైము అలా తయారైన ఏకకాలను గొలుసుగా పేర్చుతుంది. ఈ ఎంజైముల జన్యువులు 1980ల చివర వేరుచేయబడ్డాయి.

సింథేజ్ రేణువు ఉపరితలం మీదే ఉంటుందన్నదానికి దృశ్యరూపమైన సాక్ష్యం 1993లో లభించింది. ఆ ఎంజైమును గుర్తుపట్టి అంటుకునే ప్రతిరక్షకాలకు అతిసూక్ష్మమైన బంగారు కణాలను జతచేసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, ఆ నల్లని చుక్కలు రేణువుల అంచునే కనిపించాయి. 1995లో గెర్న్‌గ్రాస్, మార్టిన్‌లు మరింత ముందుకు వెళ్ళి, శుద్ధిచేసిన సింథేజ్‌కు దాని ముడిపదార్థాన్ని మాత్రమే అందించి, బాక్టీరియా కణమంటూ ఏదీ లేకుండానే, 3 మైక్రోమీటర్ల వ్యాసం వరకు పెరిగిన గోళాకార రేణువులను పరీక్షనాళికలో సృష్టించారు. రేణువు రూపుదిద్దుకోవడానికి కావలసిన కనీస సామగ్రి ఎంజైమూ దాని ముడిపదార్థమేనని ఇంత సూటిగా నిరూపించిన ప్రయోగం ఈ రంగంలో మరొకటి లేదు.

ఐతే సజీవ కణంలో రేణువు తొలుత ఎక్కడ మొలకెత్తుతుంది అన్న ప్రశ్న దీనితో తీరలేదు. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని సుమారు 0.2 మైక్రోమీటర్ల కన్నా చిన్న వివరాలను విడదీసి చూపలేదు; అప్పుడే పుట్టిన రేణువు అంతకంటే చిన్నది. 2005 ప్రాంతంలో మెరిసే ప్రోటీన్లతోనూ, మెరిసే రంగులతోనూ చేసిన పరిశీలనలు తొలి రేణువులు కణపు కొనల వద్ద, కణత్వచానికి చేరువలో ఏర్పడతాయని సూచించాయి. 2005లోనే టియాన్, సిన్స్కీ, స్టబ్‌లు కణాలను రసాయనాలతో స్థిరపరచి, పలుచగా కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, కణం నడిమి భాగాన ముదురు రంగులో ఉన్న నిర్మాణాల నుంచి రేణువులు వెలువడుతున్నాయని వాదించారు. స్థిరపరచడం, నీరు తీసివేయడం, రంగులు ఎక్కించడం అన్నవి కణాన్ని ఉన్నది ఉన్నట్లు ఉంచవు కనుక, ఇటువంటి చిత్రాలలో కనిపించే ప్రతి గీతనూ వాస్తవంగా స్వీకరించడం ప్రమాదకరం.

2012లో బీబీ, చో, స్టబ్, జెన్సెన్‌లు ఎంచుకున్న మార్గం ఈ ఇబ్బందిని చాలావరకు తప్పించింది. కణాలను కోయకుండా, రసాయనాలు తగలనివ్వకుండా, నీటితో సహా క్షణంలో గడ్డకట్టించి, అనేక కోణాలనుంచి ఎలక్ట్రాన్ చిత్రాలు తీసి త్రిపరిమాణ రూపాన్ని కూర్చడమే ఆ పద్ధతి. త్వచంలో పుడుతున్న రేణువులు గాని, నడుమ పీఠంవంటి నిర్మాణం గాని వారికి కనిపించలేదు. అన్ని పరిమాణాల రేణువులూ కణద్రవం మధ్యభాగం వైపే ఉన్నాయి. కొన్ని ఒకదానిలో ఒకటి కలుస్తున్నట్లు కూడా అగుపించాయి. రేణువులను బాక్టీరియా డీఎన్ఏ ముద్దతో ముడివేసే ఫా-ఎమ్ అనే ప్రోటీనును యెండ్రోసెక్ బృందం 2011లోనే వెల్లడించి ఉండటం ఈ చిత్రానికి బలాన్నిచ్చింది.

మిగిలిన వివాదం పైపొరను గురించినది. వేరుచేసిన రేణువులలో ఫాస్ఫోలిపిడ్లు, అంటే కణత్వచాన్ని కట్టే కొవ్వు పదార్థాలు కనిపించడంతో, రేణువు చుట్టూ వాటి పొర ఉంటుందని దశాబ్దాలపాటు నమ్మారు. 2012 నాటి చిత్రాలలో కనిపించినది మాత్రం తెగితెగి ఉన్న పొర. అది కొవ్వు కన్నా ప్రోటీను కప్పుకే దగ్గరగా ఉంది. 2016లో యెండ్రోసెక్ బృందం ఫాస్ఫోలిపిడ్‌ను పట్టుకునే ఒక ప్రోటీను భాగానికి మెరిసే ప్రోటీనును తగిలించి పరీక్షించగా, సజీవ కణంలో కణత్వచమే వెలిగింది గాని రేణువులు వెలగలేదు; కణాన్ని పగలగొట్టిన తరువాతనే అవి ఆ గుర్తును పట్టుకున్నాయి. అంటే ఆ కొవ్వు, రేణువులను బయటికి తీసే క్రమంలో చిరిగిన త్వచం నుంచి వచ్చి అంటుకున్నది. ఫాస్ఫోలిపిడ్ పొరతో రేణువును చూపే పాత బొమ్మను పాఠ్యగ్రంథాల నుంచి తొలగించి, ప్రోటీన్లు కప్పిన రేణువును ఆ స్థానంలో చేర్చవలసి ఉంది.