ఆబగా తినడం, భావోద్వేగాలు: జంతు పరిశోధనల చరిత్ర

ఆకలి లేకపోయినా కాసేపట్లోనే మామూలు కన్నా చాలా ఎక్కువ తినేయడం, ఆపాలనుకున్నా చెయ్యి ఆగకపోవడం, ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం. ఈ మూడూ పదేపదే కనిపిస్తే వైద్యులు బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘ఆబగా తినడం’. అమెరికన్ మనోవైద్యుడు ఆల్బర్ట్ స్టన్‌కార్డ్ 1959లో స్థూలకాయుల్లో ఈ తీరును గుర్తించి రాశారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని ప్రత్యేక రుగ్మతగా ఒప్పుకున్నది మాత్రం 2013లో. అప్పటిదాకా ఎంతోమంది బాధితులు విన్నది ‘నోరు కట్టుకోలేవా?’ అన్న మాటే. ఆ మాట ఎంత అన్యాయమో చూపించిన సాక్ష్యంలో కొంత ఎలుకల బోనుల నుంచి వచ్చింది.

మొదట్లో శాస్త్రవేత్తలు వెతికింది ఆకలి ఉండే చోటును. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనే ఇద్దరు ఎలుక మెదడులోని హైపోథలామస్‌లో ఒక భాగాన్ని దెబ్బతీస్తే అది విపరీతంగా లావెక్కుతుందని చూపారు. 1951లో మన దేశానికి చెందిన బాలకృష్ణ ఆనంద్, జాన్ బ్రోబెక్‌తో కలిసి యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, ఆ పక్కనే ఉన్న మరో భాగం పోతే ఎలుక తిండే మానేస్తుందని కనుగొన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో 1990లలో వెలుగు చూసిన డబ్ల్యుఎన్‌ఐఎన్‌-ఓబీ అనే స్థూలకాయ ఎలుకల జాతి కూడా ఈ కోవలోదే. వాటి అతి తిండికి మూలం పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు. అవి రోజంతా ఎక్కువగా తింటాయి. ఆబగా తినడం అలా కాదు, అది ఉప్పెనలా వచ్చిపోతుంది. మనసు చెదిరిన రోజునే అది ఎందుకు వస్తుందో ఆకలి కేంద్రాలు చెప్పలేకపోయాయి.

మనసు వైపు మొదటి అడుగు కాస్త విచిత్రంగా పడింది. 1975లో ఆంటెల్‌మన్, ఆయన సహచరులు ఎలుక తోకను మెల్లగా నొక్కి చూశారు. ఎదురుగా తిండి ఉంటే అది వెంటనే తినడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఇదే పద్ధతిలో తియ్యటి పాలు ఇస్తూ పోతే ఎలుకలు బరువు పెరిగాయి. ఒత్తిడి తిండికి దారితీస్తుందనడానికి ఇది రుజువని కొందరన్నారు. తోక నొక్కితే ఎలుక చెక్కనైనా కొరుకుతుంది కదా, దీన్ని బాధ అనాలా, ఉద్రేకం అనాలా అని మరికొందరు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

1998లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రెబెకా కార్విన్ బృందం ఎలుకలను పస్తు పెట్టలేదు, బాధించలేదు. మామూలు మేత ఎప్పుడూ అందుబాటులో ఉంచి, వనస్పతి లాంటి కొవ్వును మాత్రం వేళ పెట్టి ఇచ్చింది. కొవ్వు రోజూ దొరికే ఎలుకల కన్నా వారానికి మూడు రోజులే దొరికే ఎలుకలు ఆ కొద్ది గడువులో ఎక్కువ తిన్నాయి. అరుదుగా దొరకడం ఒక్కటే చాలింది.

2002లో బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో మేరీ బోజియానో (అప్పటి పేరు హేగన్) బృందం చేసిన ప్రయోగం ఈ చరిత్రకు గుండెకాయ. ఆడ ఎలుకలకు కొన్నాళ్లు మేత తగ్గించి, ఆపైన కడుపునిండా పెట్టి, మళ్లీ తగ్గించి, ఇలా కొన్ని విడతలు నడిపారు. చివరికి కాలికి స్వల్పంగా కరెంటు షాక్ ఇచ్చారు. షాక్ మాత్రమే తిన్నవి ఆబగా తినలేదు. పస్తులు మాత్రమే చూసినవీ తినలేదు. రెండూ అనుభవించినవే, అప్పటికి ఆకలి తీరి ఉన్నా, ఓరియో బిస్కెట్ల మీద పడ్డాయి. మేత మాత్రమే పెట్టినప్పుడు ఆబ రాలేదు. ముందుగా ఒక చిన్న బిస్కెట్ ముక్క రుచి చూపించగానే, అదే చప్పటి మేతను అవే ఎలుకలు ఎగబడి తిన్నాయి. కఠినంగా డైటింగ్ చేసి, ఒక బాధాకరమైన సాయంత్రం ఒక్క ముక్కతో గాడి తప్పినవారికి ఇది కొత్త విషయం కాదు.

ఇటలీలోని కమెరీనో విశ్వవిద్యాలయంలో కార్లో చిఫానీ బృందం షాక్‌ను పక్కన పెట్టింది. పస్తులు చూసిన ఆడ ఎలుకకు నుటెల్లా కలిపిన ముద్దను 15 నిమిషాలపాటు కనబడేలా, వాసన తగిలేలా, కానీ అందకుండా ఉంచారు. అది ముందరి కాళ్లు చాచి, మెడ సాగదీసి అందుకోబోయేది. తర్వాత ముద్ద ఇస్తే మొదటి నిమిషాల్లోనే విపరీతంగా తినేది. 2009లో ప్రచురించిన ఈ పనిలో టోపిరమేట్ అనే మందు పస్తులు, నిరాశ రెండూ ఎదుర్కొన్న ఎలుకల్లోనే తిండిని తగ్గించింది. మిగతా వాటి మామూలు తిండి జోలికి పోలేదు.

తిన్న తర్వాత మనసు ఏమవుతుందన్నది ఇంకో దారి. ప్రిన్స్‌టన్‌లో బార్ట్ హోబెల్ బృందం రోజుకు 12 గంటలు తిండి ఆపి, 12 గంటలు చక్కెర నీళ్లు, మేత ఇచ్చింది. నల్లమందు లాంటి మత్తు ప్రభావాన్ని అడ్డుకునే నలాక్సోన్ మందు ఎక్కించగానే, మత్తు మానేసినప్పటిలాగే, ఆ ఎలుకల పళ్లు టకటకలాడాయి, ముంగాళ్లు వణికాయి. భయాన్ని కొలవడానికి కూడిక గుర్తు ఆకారంలో, నేలకు ఎత్తుగా ఉండే బల్ల ఒకటి వాడతారు. దాని రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఈ ఎలుకలు గోడల మధ్యే నక్కి ఉండిపోయాయి. 2009లో కొటోనే, జోరిల్లా బృందం వారంలో ఐదు రోజులు మేత, రెండు రోజులు చాక్లెట్ రుచి తిండి పెట్టింది. తీపి లేని రోజుల్లో ఆ ఎలుకల్లో బెదురు పెరిగింది, భయాన్ని నడిపే అమిగ్డలాలో సీఆర్ఎఫ్ అనే ఒత్తిడి రసాయనం పెరిగింది. దాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఆ బెదురు, తీపి తిరిగొచ్చినప్పటి ఆబ రెండూ తగ్గాయి. దీన్నిబట్టి చక్కెరను మత్తుపదార్థం అనడం తొందరపాటే. ఆ లక్షణాలు చక్కెర విడతలుగా అందినప్పుడే వస్తాయని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గట్టిగా వాదించారు.

ఎలుకకు హద్దులున్నాయి. దానికి వాంతి రాదు, కాబట్టి తిని కక్కేసే బులీమియా దానిలో సగమే కనబడుతుంది. సిగ్గు పడుతోందా అని దాన్ని అడగలేం. కానీ అద్దంలో చూసుకుని బాధపడడం, సినిమా తారల నడుములతో పోల్చుకోవడం కూడా దానికి లేవు. అందుకే మిషిగన్ స్టేట్‌లో కెల్లీ క్లంప్ 2013లో చూపిన ఫలితం బరువైనది. 30 ఆడ, 30 మగ ఎలుకలకు అప్పుడప్పుడూ వెనిలా క్రీమ్ పెడితే, ఆబగా తినే తత్వం ఆడవాటిలో మగవాటి కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువగా కనబడింది.