మగమ, పిడికెడు బియ్యం: విరుదునగర్‌లో ఒక బడి కథ

తెలుగువారు తరతరాలుగా కాపురమున్న తమిళ ప్రాంతాలలో విరుదునగర్ జిల్లా ఒకటి. రాజపాళయం చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. పాత బడుల చరిత్ర అనగానే మన విద్యార్థులు జమీందారులను, మిషనరీలను తలుస్తారు. చిల్లర సొమ్ముతో స్థానికులే నడుపుకొన్న మరొక ఏర్పాటును ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

వర్తకులు తమ సరుకుపై తామే విధించుకొని ధర్మకార్యాలకిచ్చే రుసుముకు తెలుగులో మగమ అని పేరు. తమిళంలో అది మగమై. పద్ధతి పాతదే. కాకతీయుల కాలపు శాసనాలలో ‘పెక్కండ్రు’ అనే వర్తక సమూహాలు సరుకును బట్టి ఇంతింత అని దేవాలయాలకు రాసిచ్చిన దానాలు కనిపిస్తాయి.

19వ శతాబ్దంలో నాడార్ వర్తకులు దక్షిణం నుంచి వచ్చి శివకాశి, అరుప్పుక్కోట్టై, విరుదుపట్టి వంటి ఊళ్లలో స్థిరపడ్డారు. ఈ విరుదుపట్టే 1923లో విరుదునగర్ అయింది. బండ్లకు, సరుకుకు రక్షణగా వారు ‘పేట్టై’లు కట్టుకున్నారు. వాటి ఖర్చుకే మొదట మగమై వసూలు చేశారు. వసూలును, వినియోగాన్ని చూసే సభ పేరు ‘ఉఱవిన్‌ముఱై’. ఉఱవు అంటే చుట్టరికం. ముఱై అంటే క్రమం, వంతు, బంధువుల మధ్య వావి కూడా. మన ‘వరుస’ అనే మాటకూ దాదాపు ఇన్ని అర్థాలూ ఉన్నాయని గమనించాలి.

నిధి పెరిగిన కొద్దీ గుడులు, బావులు, చివరకు చదువు దాని పరిధిలోకి వచ్చాయి. 1889లో విరుదుపట్టిలో క్షత్రియ విద్యాశాల వెలసింది. దాని పోషణకు మగమైతోపాటు ‘పిడి అరిసి’ తోడయింది. ఇల్లాలు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేసేది. ఇంటింటా పోగైన ఆ బియ్యాన్ని అమ్మి బడికి వాడేవారు. తమిళ ‘పిడి’, మన ‘పిడికిలి’ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. 1903లో జన్మించిన కామరాజ్ చదివినది ఈ బడిలోనే. 1954లో ముఖ్యమంత్రి అయిన తరువాత బడిపిల్లల మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా విస్తరింపజేసినది ఆయనే.

ఈ ఏర్పాటు బలం సొమ్ము పరిమాణంలో లేదు. ఒక దాత కన్నుమూసినా, మనసు మార్చుకున్నా ఆగిపోయే సాయం కాదది. అంగడి తెరిచినన్నాళ్లు, పొయ్యి వెలిగినన్నాళ్లు సాగుతుంది. ఇచ్చినవారు ఊళ్లోనే ఉన్నారు గనుక లెక్క అడిగేవారూ కళ్లెదుటే ఉండేవారు. దీని లోపాన్ని దాచడం మాత్రం చరిత్ర కాదు. ఇది కులకట్టుతో నడిచిన నిధి. నిర్ణయం ఇంటి పెద్దలైన మగవారిది. కుండలో బియ్యం వేసిన చేతికి సభలో చోటు లేదు.

మీ ఊళ్లో తెలుగు సంఘమో, భజన మందిరమో, పఠనాలయమో ఉండే ఉంటుంది. దాని పాత చిట్టా పుస్తకాలు చెదలు తినకముందే అడిగి చూడండి. ఎవరిచ్చారు, ఎవరు పంచారు, ఎవరికి అందలేదు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ప్రవాసాంధ్రుల చరిత్రలో ఇంకా రాయని అధ్యాయాలు ఆ చిట్టాలలో ఉన్నాయని మేము నమ్ముతున్నాము.